బతికున్న బంగారమ్మకు బోర్లించిన పడవలు

రాజోలు,
ఆనంద నామ సంవత్సర మార్గశిర బహుళ తదియ.

మహారాజరాజశ్రీ చెన్నపట్నం మిషను అచ్చుకూటంలో సీసపు అక్షరాలు ఏరుకునే వరప్రసాదం గారి దివ్యసముఖానికి, కరణంగారబ్బాయి శ్రీరామచంద్రమూర్తి అనేక నమస్కారాలు చేసి రాసుకున్న మనవి.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం రాస్తున్నందుకు ఒకటి. ఆరు నెలలుగా రాయనందుకు వేరే ఒకటి. రాణీగారి తలకాయ వేసిన కొత్త తపాలా బిళ్ళను నాలికతో తడిపినందుకు రాణీగారికి. ఆ నాలికతోనే మడి కట్టుకున్న మా అమ్మను పలకరించినందుకు మా అమ్మకు. నాలుగేళ్ళు ఇంగిలీషు చదివి వచ్చి ఊరికి ఏ ఉపకారమూ చేయనందుకు ఊరికి. ఇందులో నవ్వు తక్కువ, నీతి ఎక్కువ ఉండబోతున్నందుకు నీకు. ఇవి కాక ఈ భూమి మీద జరిగిన తప్పులు ఏవైనా మర్చిపోయి ఉంటే అవి కూడా నా ఖాతాలోనే వేసుకో. సంవత్సరానికి ఆనంద అని పేరు పెట్టినవాణ్ణి మాత్రం నేను క్షమించను.

ఇక పని. అహింస అనే సరుకు మీ చెన్నపట్నంలో దొరుకుతుందా? దొరికితే ఎన్ని దేశాల రకాలుంటే అన్నీ పంపు. తొందరగా పంపు. ఎందుకో చెప్తాను.

ఇక్కడ కాలువలకు లాకులు కడుతున్నారు. లాకులకు రాళ్ళు కావాలి, రాళ్ళకు పడవలు కావాలి, పడవలకు కిరాయి ఇవ్వడం మాత్రం అమలాపురం ఠాణా అమీనుగారికి నచ్చదు. అందుచేత వెట్టి. ఏ ఊరి నుంచి ఎవరి పడవ లాక్కోవాలో కరణం జాబితా రాసివ్వాలి. మా నాన్నగారు పరమ సాధువు, ఒక్కర్నీ కొట్టరు; కొట్టించుకోవలసినవాళ్ళ పేర్లు మాత్రం చక్కటి దస్తూరీతో రాస్తారు.

వైనతేయ గోదావరి రేవులో సత్తియ్య అని పడవవాడున్నాడు. నాకు ఈత నేర్పినవాడు. అతని పడవ మూడు వారాలుగా రాళ్ళు మోస్తోంది. మొన్న శుక్రవారం మళ్ళీ తోలుకుపోవడానికి బంట్రోతు రాఘవులు వచ్చాడు. సత్తియ్య తల్లి బంగారమ్మ పడవలో ఎక్కి కూర్చుంది. "వల తడిసి మూడు వారాలయ్యిందండి. ఇవాళ మా పడవ మేం వేసుకుంటామండి," అంది, అండి మీద అండి పెట్టి. రాఘవులు ఆవిణ్ణి జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చాడు. అప్పుడు వెనక నుంచి పడవ తోసే గెడ ఒకటి వచ్చి అతని నెత్తి మీద పడింది. పాగా ఒక పక్క, రాఘవులు ఒక పక్క.

ఎవరు ఎక్కడ ఉన్నారో రాస్తాను, చూసినట్టు ఉంటుంది. సత్తియ్య నీళ్ళలో, మొలలోతున. అతని బావమరిది వీరబాబు చుక్కాని దగ్గర. ఆడవాళ్ళు ఒడ్డు మీద. మా నాన్నగారు గొడుగు కింద. దెబ్బ పడ్డాక గెడ నీళ్ళలోకి దొర్లింది. అది తన గెడే కాబట్టి సత్తియ్య తీసి చేత పట్టుకున్నాడు. పట్టుకున్న చేతితోనే అతన్ని పట్టుకుపోయారు.

ఇప్పుడు అమలాపురం ఠాణాలో ఉన్నాడు. "కొట్టింది నువ్వేనా?" అంటే, "కాదండి," అంటాడట. "మరెవరు?" అంటే, "చెప్పనండి," అంటాడట. తెలియదు అనడు చూడు, అక్కడ వచ్చింది చిక్కు. చీరాట తెచ్చారు. నీకు తెలిసే ఉంటుంది, రెండు చెక్కల మధ్య వేళ్ళు పెట్టి బిగించడం. గెడ వేసి బతికేవాడికి వేళ్ళు పోతే ఇక ఏం మిగులుతుంది?

వీరబాబూ, నలభై మంది కుర్రాళ్ళూ గెడలు పట్టుకుని ఏరు దాటి ఠాణా పగలగొడతామంటున్నారు. పగలగొడితే సిపాయీలు వస్తారు, పడవవాళ్ళ పల్లిపాలెం మిగలదు. "ఆగండి, చెయ్యెత్తకుండా గెలిచే శాస్త్రం ఒకటుంది, చెన్నపట్నం నుంచి తెప్పిస్తాను," అని కోతలు కోసేశాను. నా మాట మీద వాళ్ళు ఆగారు. ఇప్పుడు శాస్త్రం రావాలి.

ఇట్లు,
నీ మూర్తి.

చెన్నపట్నం,
1854 డిసెంబరు 20.

ప్రియమైన మూర్తీ,

నీ క్షమాపణలన్నీ ముట్టాయి. ఒక్కటీ అక్కర్లేనివే. నువ్వెప్పుడూ అంతే, అవసరం లేనిచోట సాష్టాంగపడతావు.

సరుకు అడిగావు. అచ్చుకూటంలో పని కాబట్టి దేశదేశాల కాగితాలు నా చేతుల మీదుగా పోతాయి. దొరలను అడిగి కొంత, చదివి కొంత పోగుచేశాను.

మొదట ఇంగ్లాండు. రెండు వందల ఏళ్ళ కిందట క్వేకర్లని ఒక జనం బయల్దేరారు. రాజు ఎదట కూడా టోపీ తియ్యరు, కత్తి పట్టరు. అధికారులు వాళ్ళ ప్రార్థన ఇల్లు కూల్చేస్తే ఆ ఇటికెల కుప్ప మీదే వచ్చి కూర్చున్నారట. కొట్టారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు. పెద్దవాళ్ళందరినీ చెరలో పెడితే పిల్లలొచ్చి కూర్చున్నారు. చివరకు కొట్టేవాళ్ళకే విసుగు పుట్టింది.

రెండు, అమెరికా. అక్కడ మనుషుల్ని సంతలో పశువుల్లా అమ్ముతారు, తెలుసుగా. అలాంటి సర్కారుకు పన్ను కట్టనని ఒకాయన చెరలో కూర్చున్నాడు. అన్యాయం యంత్రంలా తిరుగుతుంటే అందులో మనం చక్రం కాకూడదని ఆయన అభిప్రాయమని ఇక్కడి అమెరికా దొర చెప్పాడు.

మూడు, చీనా. అక్కడ పూర్వం ఒక ముసలాయన, మెత్తగా ఉంటూనే రాతిని అరగదీస్తుందని, నీటిని గురువుగా పెట్టుకున్నాడట.

నాలుగోవాడు మా ప్రభువు. ఆయన సంగతి నీకు బళ్ళో బలవంతంగా వినిపించారు. కొట్టినవాడికి రెండో చెంప ఇవ్వడం లొంగిపోవడం కాదనీ, నీ దెబ్బ నన్ను తగ్గించలేదని చెప్పడమనీ నేను అనుకుంటాను.

అయిదోది నీ దగ్గరే ఉంది. ఐనవిల్లి దారిలో చేలగట్టు మీద దిసమొలతో కూర్చున్న రాతి విగ్రహం ఉండేది, సన్నాసిదేవుడని మొక్కేవాళ్ళు. అది జైనుల జినమూర్తి అని ఇక్కడొక పండితుడు చెప్పాడు. చీమను తొక్కకుండా నడవడానికి ముందర ఊడ్చుకుంటూ పోయినవాళ్ళు మన చేలగట్ల మీదే తిరిగారు. బుద్ధుడూ ఈ దేశంవాడే. మనం మర్చిపోయి, ఇప్పుడు అర్ధణా బిళ్ళ పెట్టి బయట నుంచి తెప్పించుకుంటున్నాం.

ఇంకొక ముఖ్యమైన మాట. పన్ను వసూళ్ళలో, ఠాణాల్లో జనాన్ని హింసిస్తున్నారా అని విచారించడానికి ఇక్కడొక కమిషను కూర్చుంది. ఉత్తరం రాసినా తీసుకుంటారట. చీరాట సంగతి అర్జీ రాసి పంపు. నా చేత్తో ఇస్తాను.

చివరగా ఒకటి. మలికిపురం పాలేరు కొడుకునైన నేను బళ్ళో చేరిన రోజు పదహారు మంది బల్లలు వదిలి లేచిపోయారు. నువ్వొక్కడివే లేవలేదు. నిద్రపట్టిందని ఈనాటికీ చెబుతావు. నీ పక్కనే కూర్చున్నాను మూర్తీ, నీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నువ్వు దేన్నైనా నవ్వులో దాస్తావు. అందుకే అడుగుతున్నాను: రేవులో అందరూ ఎక్కడెక్కడ నిలబడ్డారో రాశావు. నువ్వెక్కడ ఉన్నావు?

నీ
వరప్రసాదం.

రాజోలు,
పుష్య బహుళ అమావాస్య.

వరప్రసాద పండితులకు,

నీ జ్ఞానులు క్షేమంగా చేరారు. తపాలా బంటు తడిపేసిన చోట అమెరికాయన కొంచెం అలుక్కుపోయాడు. పల్లిపాలెంలో ఇసక మీద సభ పెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నీ ఉత్తరం చదివాను. సభవారి అభిప్రాయాలు ఇలా ఉన్నాయి.

క్వేకర్లు అందరికీ నచ్చారు. "కూలిన ఇంటి మీదే కూచున్నారాండి? ఆయ్, పౌరుషం గల మనుషులే," అన్నాడు వీరబాబు. టోపీ తియ్యకపోతే రాజుకు ఎందుకు కోపం రావాలో మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. "మేం తలగుడ్డ తీస్తే కొడతారండి, వాళ్ళు తియ్యకపోతే కొట్టేరు. అంటే కొట్టడానికి వంక కావాలన్న మాట," అని తేల్చారు.

అమెరికాయనతో చిక్కొచ్చింది. "ఎన్నాళ్ళు ఉంచేరండి చెరలో?" అన్నారు. నువ్వు రాయలేదు గాని నేను బళ్ళో విన్నాను, ఒక్క రాత్రి. ఎవరో ఆ పన్ను కట్టేశారు, మేనత్తే అంటారు.

"ఒక్క రాత్రేనా?"

"మేనత్తా!"

సభ అయిదు నిమిషాలు ఆగిపోయింది. "మా సత్తియ్యకి నలభయ్యో రోజండి. ఆవిడెవరో మా తరఫున కూడా వస్తారేమో కనుక్కోండి పంతులుగారూ," అన్నాడొక ముసలాయన. నవ్వారు. నేను అమెరికా పక్షాన సిగ్గుపడ్డాను. అప్పుడు బంగారమ్మ అంది, "నవ్వకండ్రా. ఒక్క రాత్రైనా తనంతట తాను వెళ్ళి కూచున్నాడు. మనోణ్ణి లాక్కుపోతే వెళ్ళేడు. అది వేరు, ఇది వేరు." ఆ మాట అంటూ నావైపు ఎందుకు చూసిందో తెలియదు.

చీనా ముసలాయన నీటిని గురువుగా పెట్టుకున్నాడంటే, "మేమూ అంతేనండి," అన్నారు. ఆ విధంగా చీనాకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

అన్నీ విన్నాక బంగారమ్మ అడిగింది. "ఇన్ని సముద్రాలవతలవాళ్ళు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనోళ్ళు, ఒక్కలాగే ఎలా అనుకున్నారు బాబూ?"

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. ఆవిడ ఆగలేదు. "వాళ్ళందరూ దెబ్బలు తిన్నోళ్ళో, దగ్గరుండి చూసినోళ్ళో అయ్యుంటారండి. కొట్టేవాడికి ఈ ఆలోచనే రాదు."

నేను నీ ఉత్తరం మడిచి రొంటిన దోపుకున్నాను.

ఆ తర్వాత ఆవిడే దారి చెప్పింది. నీకు తెలుసో లేదో, పడవవాళ్ళలో పెద్దతలకాయ పోతే ఆ ఇంటి పడవను ఒడ్డున బోర్లిస్తారు. దానితోపాటు రేవులో పడవలన్నీ బోర్లిస్తారు. పదకొండు రోజులు ఎవరూ ముట్టరు, అమీనైనా అడగడు, అడిగితే ఏరు తీసుకుపోతుందని భయం. పదకొండో రోజున పోయినవారి పెద్దకొడుకు వచ్చి తన చేత్తో ఇంటి పడవను తిప్పాలి. అది తిరిగితేనే మిగతావి తిరుగుతాయి.

"నాకు ఒక్కడే కొడుకు," అంది బంగారమ్మ. "నేను చచ్చిపోయేననుకోండి."

వీరబాబు లేచాడు. "అదేం మాటత్తా!"

"ఏం, నా చావు నా ఇష్టం కాదా? ముక్కోటి దేవతలకీ చెప్పుకుంటాను, అబద్ధం కాదు. జుట్టుపట్టి రేవులో ఈడ్చిన రోజే చచ్చేను. ఇప్పుడు దినం చేసుకుంటన్నాను. నా కొడుకు వచ్చి తిప్పిందాకా ఒక్క పడవ తిరగడానికి లేదు. ఎవడైనా కొడితే పడండి. చెయ్యెత్తేరా, దినం మైలపడిపోద్ది."

రేపు మాఘ శుద్ధ పాడ్యమి. రేపే ముహూర్తం. మా ఊళ్ళో చచ్చిపోవడానికి కూడా తిథి చూస్తారు మరి. చచ్చినవాళ్ళు భోంచెయ్యకూడదు కాబట్టి ఆవిడ తిండి మానేసింది. కొబ్బరినీళ్ళు పోస్తే తప్పులేదని పల్లిపాలెం ధర్మశాస్త్రం. ఆ శాస్త్రాన్ని నేనే అక్కడికక్కడ తయారుచేశాను, మూలం అడక్కు.

అర్జీ ఇందులో పెట్టాను. చీరాట సంగతి ఉన్నదున్నట్టు రాశాను. బంట్రోతును కొట్టిందెవరో తెలియదని కూడా రాశాను.

నేనెక్కడ ఉన్నానని అడిగావు. అక్కడే ఉన్నాను. ఇంకెక్కడుంటాను?

ఇట్లు,
మూర్తి.

రాజోలు,
మాఘ శుద్ధ అష్టమి.

వరప్రసాదం,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, క్షమించు. ఇది ఎనిమిదో రోజు. రేవులో ముప్ఫై ఆరు పడవలు బోర్లా పడుకుని ఉన్నాయి, తాబేళ్ళ సంత పెట్టినట్టు. నడిమధ్య ఇంటి పడవ పక్కన తెల్లచీర కట్టుకుని శవం కూర్చుని ఉంది. శవానికి ఎండ తగలకుండా కొబ్బరాకులు కట్టాం. శవం నిన్న నన్ను పిలిచి, మొహం పీక్కుపోయింది, ఇంటికెళ్ళి అన్నం తినండి బాబూ అంది.

మొదటి రోజు అమీనుగారు ఇవతలి ఒడ్డున ఎవరింట్లోనో విందుకు వచ్చి ఇరుక్కుపోయారు. ఆయన గుర్రమెక్కి ఏటి ఎగువన ఉన్న గన్నవరం మీదుగా రెండు రోజులు చుట్టు తిరిగి అమలాపురం చేరారు. విందు అరిగిపోయి ఉంటుంది.

అయిదో రోజు రాఘవులు పదిమంది బంట్రోతులతో వచ్చాడు. నెత్తికి ఇంకా కట్టు ఉంది. పడవలు తిప్పమన్నాడు. ఎవరూ కదలలేదు. తిప్పుతామని బంట్రోతులే వెళ్తే, ఆడవాళ్ళు ఒక్కొక్క పడవ వీపు మీద ఒక్కొక్కరు కూర్చున్నారు. మగవాళ్ళు పడవల చుట్టూ నిలబడ్డారు. వాళ్ళను కొట్టారు, వరప్రసాదం. నేను చూశాను. కర్ర పడ్డప్పుడు వీరబాబు చెయ్యి పైకి లేవబోయింది. తన చేతిని తానే రెండో చేత్తో పట్టుకున్నాడు, పారిపోయే మేకపిల్లను పట్టుకున్నట్టు. దెబ్బ మీద దెబ్బ భుజం మీద తిన్నాడు. అతను నాలుగు అడుగులు వేస్తే రాఘవులు పీక అందుతుంది. వెయ్యలేదు.

రాఘవులు బంగారమ్మ ఇంటి పడవ దగ్గరకొచ్చి దాని అంచు మీద చెయ్యి వెయ్యబోయాడు. బంగారమ్మ తలెత్తి అంది, "ముట్టుకుంటావా నాయనా? ముట్టుకో. నీ తల్లి ఉందిగా ఇంటి దగ్గర. ఆవిడ పడవ ఎవరు తిప్పుతారో ఆలోచించుకుని ముట్టుకో."

తిట్టలేదు, శపించలేదు. అడిగింది అంతే. అతను ఆ చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. సాయంత్రం దాకా కర్ర కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒడ్డున కూర్చుని, చీకటి పడకముందే వెళ్ళిపోయాడు.

నీ క్వేకర్లకు రాయి, ఇటికెల బదులు పడవలు దొరికాయని.

లాకుల దగ్గర రాళ్ళు లేక పని ఆగిందట. లాకులు కట్టిస్తున్న దొర కబురు పంపించాడు, పదకొండో రోజున వస్తాడట. మా నాన్నగారు నాతో మాట్లాడ్డం మానేశారు. పల్లిపాలెంలో కూర్చుంటున్నానని కాదు. దానికి వేరే కారణం ఉంది.

ఎలాగైనా గెలుస్తాం. ఇది నేను నవ్వుతూ రాయడం లేదు.

మూర్తి.

చెన్నపట్నం,
1855 జనవరి 29.

మూర్తీ,

పుష్యమాసం నాటి ఉత్తరమూ అర్జీ అందాయి. అర్జీ కమిషనువారికి ఇచ్చాను, రసీదు దీనితో ఉంది. ఇచ్చేముందు ఒక వాక్యం నా చేత్తో కొట్టేశాను: బంట్రోతును కొట్టిందెవరో తెలియదన్న వాక్యం. అబద్ధం మీద సంతకం పెట్టిన కాగితం నేను మొయ్యలేను.

మా నాన్న సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ కొట్టలేదు. మునసబు కొబ్బరిమట్టతో కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు. చిన్నప్పుడు నేను దాన్ని ఓర్పనుకున్నాను. తర్వాత భయమని తెలిసి నాన్న మీద కోపం వచ్చింది. ఇప్పుడు అనిపిస్తుంది, అది రెండూ కాదు. ఎత్తితే ఆ చేతులు ఉండవు, అవి పోతే మేం తినము. ఆయనకు ఎన్నుకునే వీలే లేదు. మీ పల్లిపాలెం పడవలవాళ్ళు కొట్టగలరు, కొట్టకూడదని ఎన్నుకుంటారు. అందుకే అది గొప్ప. నేను పంపిన పెద్దలందరూ వేరువేరు దారుల్లో వచ్చి చేరింది ఈ చోటికే: చెయ్యి దించడం ఒకటే కాదు, నిజం చెప్పడం కూడా. కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ నేను కూర్చోలేదని చెప్పలేదు. టోపీ తియ్యనివాడు నేను తియ్యలేదనే చెప్పాడు.

నువ్వు ఆ రోజు బల్ల మీద నుంచి లేవని సంగతి నవ్వులో దాచావు. అది మంచి పని, దాచినా నష్టం లేదు. ఇది దాచితే ఒకడి వేళ్ళు పోతాయి.

ఎక్కడున్నావని రెండోసారి అడగను.

నీ
వరప్రసాదం.

రాజోలు,
మాఘ బహుళ అష్టమి.

వరప్రసాదం,

క్షమాపణలు లేకుండా మొదలుపెడుతున్నాను. కాగితం కాస్త బోసిగా ఉంది కదూ.

పదకొండో రోజున లాకుల దొర వచ్చాడు. రేవంతా చూసి, పడవలు ఎందుకిలా ఉన్నాయని దుబాసీని అడిగాడు.

"బంగారమ్మ అనే ఆవిడ చనిపోయిందండి."

"ఆ కూర్చున్నదెవరు?"

"ఆవిడేనండి."

దొర టోపీ తీశాడు. ఎండకో, మర్యాదకో, నాకు తెలియదు. క్వేకరైతే మాత్రం కాదు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు, నేను మధ్యలో పడి ఇంగిలీషులో వెట్టి సంగతీ చీరాట సంగతీ చెప్పాను. నీ ద్వారా కమిషనుకు అర్జీ పంపిన సంగతి కూడా చెప్పాను. కమిషను అన్న మాట వినేసరికి దొర వెంట వచ్చిన అమీనుగారి మొహం తడిసిన తపాలా బిళ్ళలా అయిపోయింది. ఇకమీదట కిరాయి ఇవ్వకుండా ఏ పడవా తియ్యకూడదని దొర కాగితం రాసి, రేవులో చదివించాడు. పడవ తిప్పడానికి సత్తియ్యను తీసుకురమ్మన్నాడు.

దొర వచ్చిన సర్కారు పడవలోనే తీసుకొచ్చారు. కుడిచేతి రెండు వేళ్ళు నల్లగా వాచి, వంకరపోయి ఉన్నాయి. అతను తల్లికి దణ్ణం పెట్టి, ఎడమచెయ్యీ భుజమూ ఆనించి పడవ ఎత్తడం మొదలుపెట్టాడు. ఎంతకీ లేవలేదు. కొడుకు తప్ప ఎవరూ ముట్టకూడదు. అరవై మంది చుట్టూ నిలబడి, ఒక్కళ్ళూ చెయ్యి సాయం చెయ్యకుండా చూశారు. దెబ్బలు తిన్నప్పటికంటే అది కష్టమైంది వాళ్ళకి. నేను ఆగలేక ఒకడుగు వేశాను. బంగారమ్మ నా పంచె చెంగు పట్టుకుంది.

"మీరు ముట్టకూడదండి. మీ పని వేరే ఉంది గదండీ."

పడవ మెల్లగా ఒక పక్కకు లేచి, నిలిచి, ధబ్బున తిరిగింది. ఆ తర్వాత మిగతా ముప్ఫై అయిదూ వరసగా తిరిగాయి. రేవంతా చప్పుడే. ఆవిడ లేచి, కొడుకు చేత్తో పోసిన గంజి తాగింది. సత్తియ్యను మళ్ళీ తీసుకుపోయారు. వెట్టి పోయింది గాని దెబ్బ కేసు పోలేదు. వచ్చే సోమవారం రాజమహేంద్రవరం కోర్టుకు పంపుతారు. కొట్టింది సత్తియ్యేనని కళ్ళారా చూసినట్టు ఒక వాంగ్మూలం ఉంది. దస్తూరీ చక్కగా ఉంది. మా నాన్నగారిది.

నిన్న రేవు ఖాళీ అయ్యాక బంగారమ్మ పక్కన కూర్చున్నాను. "ఆ రోజు నా పని వేరే ఉందన్నావు, ఏమిటది?" అన్నాను. తెలియనట్టు అడగడం నాకు బాగా వచ్చు.

ఆవిడ వల చూసుకుంటూ అంది, "ఆ రాఘవులు చేతిలో ఉన్నది నా జుట్టండి. కళ్ళు నా దగ్గరే ఉన్నాయి గదండీ."

"చూశావా?"

"ఆయ్."

"సత్తియ్య?"

"చూసేడండి."

"మరి ఎవరూ నా పేరు చెప్పలేదేం?"

"చెప్తే మిమ్మల్ని పట్టి ఇచ్చినట్టవుద్ది. వాళ్ళు నన్ను జుట్టుపట్టి ఈడ్చినట్టే మేం మిమ్మల్ని ఈడ్చినట్టవుద్ది. మీ అంతట మీరు రావాలి బాబూ. మీకు ఈత నేర్పినవాడు ఆ మాత్రం నమ్మేడు మిమ్మల్ని." మళ్ళీ తనే అంది, "ఆ రోజు మీరు నా కోసమే ఎత్తేరని తెలుసండి. కోపం లేదు."

కోపం ఉంటే బాగుండేది. తట్టుకునేవాణ్ణి.

చూడు, నువ్వు పంపిన జ్ఞానులందరినీ నేను అమీను మీదికి తోలుతున్నాననుకున్నాను. ఈ ముసలావిడ నెల రోజులుగా వాళ్ళందరినీ నా మీదికి తోలుతోంది. నాకే తెలియలేదు. ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం అరుగు మీద ఉంది.

మా నాన్నగారికి చెప్పాను. "నిన్ను కాపాడ్డానికే అలా రాశాను," అన్నారు. అది నిజమే. "కరణం కొడుకు కోర్టులో నిలబడితే మన ఇల్లు ఏం కావాలి?" అన్నారు. అదీ సబబే. "మీ వాంగ్మూలం తప్పని నేను చెప్పక తప్పదు నాన్నగారూ," అన్నాను. ఆయన గొడుగు మడిచి మూల పెట్టారు. అమ్మ మాత్రం దారికి అటుకులు కట్టింది, ఏడుస్తూ, తిడుతూ, బెల్లం ఎక్కువ వేసి.

రేపు వీరబాబు పడవలో అమలాపురం వెళ్తున్నాను. అక్కణ్ణుంచి వాళ్ళు నన్ను ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి. నా తరఫున ఏ మేనత్తా రాకుండా నువ్వు చూడు. చీరాట తెస్తే అరుస్తాను, ముందే చెబుతున్నాను. అరవకూడదని నీ పెద్దలెవరూ అనలేదు. కాని అన్న మాట మార్చను. చెయ్యెత్తను.

పల్లిపాలెంలో జనం నన్ను చూసి, చినపంతులుగారు మాకు అహింస నేర్పేరండి అంటున్నారు. నేనేమీ నేర్పలేదు. దారి బంగారమ్మది, దెబ్బలు వీరబాబువి, వేళ్ళు సత్తియ్యవి, జ్ఞానులు నీవాళ్ళు. నేను ఉత్తరాలు చదివాను, కొబ్బరినీళ్ళ శాస్త్రం ఒకటి కల్పించాను. ఈ మొత్తం కథలో నా చేత్తో నేను నిజంగా చేసిన పని ఒక్కటే ఉంది.

ఆ శుక్రవారం నేను రాఘవులు వెనక, మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. గెడ ఎత్తింది నేను. కొట్టింది నేను.